ప్రాచీన చీనా చిత్రములు: కాలమెప్పుడు? కర్త యెవరు?



రెండు ఎద్దులు కొమ్ముకు కొమ్ము తగిలించి పోట్లాడుచుండగా వాని తోకలు ఎట్లుండును? గాలిలో లేచి ఆడుచుండునా? వెనుక తొడల నడుమ ఇమిడి యుండునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు నావంటి బడిపంతులుకంటె మీరే సమర్థులు. తొమ్మిదివందల యేండ్లకు పూర్వము చీనాదేశమున ఒక పసులకాపరి బాలుడు ఈ యొక్క విషయముతోనే గొప్ప చిత్రపటమును నవ్వులపాలు చేసెను.

ఈ కథను వ్రాసి యుంచినవాడు సూ షీ అను మహాకవి. అతడు 1037లో పుట్టి 1101లో గతించెను. అతడు చెప్పిన దేమనగా: చీనాకు పడమట నున్న షూ మండలములో దూ అను ఇంటిపేరుగల గృహస్థు ఒకడుండెను. చిత్రములన్నను, చక్కని చేవ్రాతలన్నను అతనికి ప్రాణము. వందలకొలది సేకరించెను. వానిలో దాయి సుంగ్ అను టాంగ్ కాలపు చిత్రకారుడు వ్రాసిన పోట్లాడు ఎద్దుల పటము అతనికి మిక్కిలి ప్రియమైనది. జరీసంచిలో పెట్టుకొని ఎక్కడికి పోయినను వెంట తీసికొనిపోవుచుండెడివాడు. ఒకనాడు పటములను ఎండలో ఆరవేసియుండగా ఆ దారిని పోవు పసులకాపరి చూచి చప్పట్లు కొట్టి నవ్వెను. పోట్లాడు ఎద్దు బలమంతయు కొమ్ములలో నుండునని, తోకను తొడల నడుమ బిగబట్టునని, ఈ పటములోని ఎద్దులు తోక లాడించుచు పోట్లాడుచున్నవని వాడనెను. గృహస్థు కోపగింపక నవ్వి, నీవన్నదే నిజమనెను.

దాయి సుంగ్ ఎద్దులను గూర్చియే మఱియొక కథ కలదు. మీ ఫూ (1051–1107) అనువాడు లేఖనములోను, చిత్రపరీక్షలోను ఆ కాలమున అగ్రగణ్యుడు. కాని అతనికొక దుర్గుణము. ఎరువుగా తెచ్చిన పటమునకు అచ్చముగా మఱియొకటి వ్రాసి, మూలమును తానుంచుకొని, నకలును తిరిగి యిచ్చుచుండెడివాడు. ఒకనితో దాయి సుంగ్ ఎద్దుపటము తెచ్చి అట్లే చేసెను. ఆ యజమానుడు తరువాత వచ్చి నా పటము నాకిమ్మనెను. ఎట్లు కనిపెట్టితివని మీ ఫూ అడుగగా, మూలములో ఎద్దు కంటిపాపలో పసులకాపరి నీడ కలదు, ఇందులో లేదని అతడు చెప్పెనట.

ఈ రెండు కథలను ఒక్క చోట చెప్పుటకు కారణ మున్నది. మొదటి కథలోని తప్పు చిత్రకారుని తప్పు. తోక తప్పుగా వ్రాసినంతమాత్రమున అది దాయి సుంగ్‌ది కాదనుటకు వీలులేదు. దొడ్డవాడును తోక చూడక వ్రాయవచ్చును. రెండవ కథలో తేలినది వేఱు: ఏది మూలము, ఏది నకలు అను విషయము. చిత్రము తప్పగుట వేఱు, చిత్రము దొంగదగుట వేఱు. ఈ భేదమును మఱచి చిత్రపరీక్షకు దిగినవారు అనేకులు చిక్కులలో పడిరి. నేటి ప్రసంగములో నేను చెప్పదలచినది ఈ పరీక్షా మార్గమునే. పటముమీద నున్న పేరును నమ్మి కాలమును నిర్ణయించువారు తలక్రిందుగా నడచినట్లు. మొదట కాలము తేలవలెను. ఆ కాలములో అది తేలిన తరువాతనే ఎవరి చేయి అను ప్రశ్న.

ముందుగా ఆ వస్తువు స్వరూపము తెలియవలెను. చీనా చిత్రము చట్రములో బిగించి గోడకు కొట్టునది కాదు. పట్టుబట్టమీదనో కాగితముమీదనో మసితోను, కొంచెము రంగుతోను వ్రాసి, వెనుక కాగితపు పొరలు అంటించి, కఱ్ఱకు చుట్టి పెట్టెలో దాచుదురు. కొన్ని నిలువు పటములు. కొన్ని పొడవైన అడ్డచుట్టలు. వానిని కుడినుండి ఎడమకు మూరెడు మూరెడుగా విప్పుచు చూడవలెను. వ్రాతకును చిత్రమునకును వాడు కుంచె ఒక్కటే. అందుచేత చక్కని దస్తూరి వారికి చిత్రముతో సమానమైన కళ. ఇక పటము ఎవరి చేతికి వచ్చినను ఆ పెద్దమనిషి తన యెఱ్ఱని ముద్ర నొకటి వేయును. చివర కాగితము అతికించి తన యభిప్రాయమును వ్రాయును. మన యిండ్లలో భూమి పత్రము చేతులు మాఱినకొలది వెనుక వ్రాతలు పెరిగినట్లే, పటము పాతబడినకొలది దాని సాక్షులు పెరుగుచుందురు. మింగ్ కాలమున షియాంగ్ యువాన్‌బియెన్ (1525–1590) అను ధనికుడు తనకు దొరకిన ప్రతి పటము మీదను ముద్రలు కొట్టి కొట్టి, చిత్రములోని ఆకాశమునకు ఊపిరాడకుండ చేసెను. 

ఇన్ని సాక్ష్యములుండగా ఇక సందేహ మేల యని మీరడుగవచ్చును. ముద్రను చెక్కుట ఎంత పని? సాక్ష్యమును విడదీయుట అంతకంటె సులభము. పటమును దాని అతుకులనుండి ఊడదీసి, నిజమైన అభిప్రాయములను దొంగపటమునకును, దొంగ అభిప్రాయములను నిజమైన పటమునకును అంటించిన, ఒక ధనము రెండగును. కొన్ని కాగితములు పొరలు పొరలుగా నుండును గనుక మసి దిగిన అడుగుపొరను మెల్లగా లేవదీసి, దానికి మెఱుగులు దిద్ది రెండవ పటముగా అమ్మినవారును కలరు. సూజౌ నగరములో మింగ్, చింగ్ వంశముల కాలమున దీనికొఱకే కార్ఖానాలు నడచినవి. 'సూజౌ పటములు' అన్నంతనే చీనాలో దొంగపటములని అర్థము. క్రొత్త పట్టును తేనీటి రంగులోనో పొగలోనో ముంచి పాతదిగా చేయుదురు. కాని సహజముగా ముదిరిన పట్టు లోపలి పోగులవఱకు ముదురును. రంగు వేసినది పైపైన ముదురును. ముద్రల యెఱ్ఱరంగులోను భేదమున్నది. సాంగ్ కాలమువఱకు ఇంగిలీకమును నీటితోనో తేనెతోనో కలిపి ముద్ర వేసెడివారు. తరువాతి కాలమున నూనెతో కలుపుట వాడుకలోనికి వచ్చెను. ఇట్టి పరీక్షలు మోటు దొంగలను పట్టును. నేర్పరిని పట్టలేవు, ఏలయన అతడు పాత పట్టును, పాత కాగితమును, పాత మసికడ్డీని సంపాదించియే పనికి కూర్చుండును.

సాక్షులు కేవలము దోషులని నేననను. సాక్షి లేకపోయిన ఒక మహాచిత్రకారుని పేరే మనకు తెలియకపోయెడిది. 'చింగ్‌మింగ్ పర్వమున నదీతీరము' అను చుట్ట సుమారు అయిదు మీటర్ల పొడవు. సాంగ్ రాజధాని యొడ్డున ఓడలు, వంతెన, అంగళ్లు, బండ్లు, వందలకొలది జనము. దానిలో ఎక్కడను కర్త చేవ్రాలు లేదు. 1127లో ఆ రాజధాని శత్రువుల పాలయ్యెను. అటుపిమ్మట అఱువది యేండ్లలోపల, 1186లో, జాంగ్ జూ అనువాడు చివర నంటించిన కాగితముపై ఈ చిత్రము జాంగ్ జెదువాన్ వ్రాసినదని వ్రాసెను. ఆ కొద్ది పంక్తులే నేడు మనకాధారము. సంఘటనకు దగ్గర కాలపు సాక్షి, లాభాపేక్ష లేని సాక్షి, ఇతర ప్రమాణములతో విరోధింపని సాక్షి. అట్టివానిని నమ్మవచ్చును.

లాభాపేక్ష లేకున్నను సాక్షి అబద్ధమాడుట కలదు. వెన్ జెంగ్‌మింగ్ (1470–1559) సూజౌ నగరపు గొప్ప చిత్రకారుడు, గొప్ప పరీక్షకుడు. ఎవరైన ఒక పటమును తెచ్చి నిజమైనదా యని అడిగిన, దొంగదని తెలిసియు నిజమైనదే యని చెప్పుచుండెడివాడట. కారణ మడుగగా అతడిచ్చిన సమాధాన మిది: కొనువాడు కలవాడు, అమ్ముకొనువాడు లేనివాడు, ఈ పటము అమ్ముడుపోయిననే వాని పొయ్యి వెలుగునేమో, నా మాటవలన బేరము చెడిన ఆ కుటుంబమంతయు పస్తుండును. ఈ కథను మొదట చదివినప్పుడు నాకు కన్నులు చెమ్మగిల్లినవి. మరల ఆలోచింపగా మనసు కొంచెము కలతపడినది. ఆ మహనీయుని జాలి ఒక పూట ఒక కుటుంబమునకు అన్నము పెట్టెను. అతని మాటను నమ్మి ఆ పటములను ముందుతరములకు అందించినవారికి ఎన్ని తప్పుత్రోవలు చూపెనో! మీలో పంచాయతీలలో సాక్ష్యము చెప్పినవారు, విన్నవారు కలరు. ఈ ధర్మసంకటమును నాకంటె మీరే బాగుగ నెఱుగుదురు.

నకలులన్నియు మోసములును కావు. చీనాలో లేఖనకళకు ఋషివంటివాడు వాంగ్ శీజి. 353వ సంవత్సరమున మూడవ నెల మూడవనాడు, నేటి షావోషింగ్ ప్రాంతమున, 'లాంతింగ్' అను మంటపముకడ నలువది మందికి పైగా మిత్రులు సెలయేటి యొడ్డున కూర్చుండి, నీటిలో తేలివచ్చు పానపాత్రల నందుకొనుచు పద్యములు చెప్పుకొనిరి. వానికి పీఠికగా వాంగ్ శీజి అక్కడికక్కడ ఒక చిత్తుప్రతి వ్రాసెను. 28 పంక్తులు, 324 అక్షరములు. కొట్టివేతలు, దిద్దుబాట్లు అందులోనే యున్నవి. ఒకే అక్షరము ఇరువది సార్లు వచ్చినను ఒకసారి వ్రాసినట్లు మఱియొకసారి వ్రాయలేదని రసికులు మెచ్చుకొందురు. 626 మొదలు 649 వఱకు ఏలిన టాంగ్ చక్రవర్తి తాయిత్సుంగ్ దానిమీద మోజుపడి సంపాదించి, మంచి పనివాండ్రచేత నకలులు తీయించి సామంతులకు పంచెను. మూలమును తనతోకూడ సమాధిలో పెట్టుమని కోరెనని, అట్లే చేసిరని పరంపరగా చెప్పుదురు. నేడు పెకింగ్ రాజభవనపు మ్యూజియములో నున్న ప్రసిద్ధమైన ప్రతి ఫెంగ్ చెంగ్‌సూ తీసిన నకలని వాడుక. పలుచని కాగితము పైన పెట్టి, ప్రతి అక్షరపు అంచును సన్నని గీతతో దింపుకొని, లోపల మసి నింపుట ఆనాటి పద్ధతి. కుంచె ఎండి చీలిన చోట ఆ చీలికను సైతము వెండ్రుకవాసి గీతలతో దింపిరి.

వాంగ్ శీజి తన చేతితో వ్రాసినదని నిస్సందేహముగా చెప్పదగిన అక్షరము నేడు లోకమున ఒక్కటియు లేదు. పదునాఱు వందల యేండ్లుగా ఎవని వ్రాతను చూచి చీనావారు అక్షరములు దిద్దుకొనుచున్నారో, అతని వ్రాత లేదు, నకలుల నకలులున్నవి. 1965లో గ్వో మోజో అను పండితుడు ఆ పీఠికయే వాంగ్ శీజిది కాదేమో యని సందేహము లేవదీయగా పెద్ద వాదము చెలరేగినది. వేదమును నోటితో నిలుపుకొన్న మనకు ఇది వింతగా తోచదు. మూలపత్రము లేకున్నను పరంపర యుండవచ్చును. కాని పరంపరను మూలపత్రమని చెప్పరాదు.

ఇప్పుడు కాలనిర్ణయమునకు అన్నిటికంటె చక్కనిదని నేను తలచు మార్గమును చెప్పెదను. మన పల్లెలలో పూర్వకాలపు ఇల్లాలు భర్త పేరు చెప్పదు. భర్త పేరు నల్లయ్య యైన, నల్లావు అనక కఱియావు అనును. వినువారికి ఆమె భర్త పేరు అప్పుడే తెలిసిపోవును. చీనాలో దేశమంతయు రాజు పేరు విషయములో ఇట్లే నడచుకొనవలసి యుండెను. రాజు పేరులోని అక్షరమును వ్రాయరాదు. దాని బదులు మఱియొక పదము వేయవలెను, లేదా చివరి గీత విడిచిపెట్టవలెను. ఏ అక్షరమును తప్పించిరో చూచిన, ఆ రాజునకు ముందు అది వ్రాయబడలేదని తెలియును.

లియావోనింగ్ మ్యూజియములో నాలుగు ప్రాచీన పద్యముల చుట్ట యొకటి కలదు. రంగు కాగితములమీద గొలుసుకట్టుగా, ఉన్మత్త వేగముతో సాగిన వ్రాత. ఒకప్పుడు దానిని షియే లింగ్‌యున్ అను కవి స్వయముగా వ్రాసెనని అనుకొనిరి. కాని అందులోని రెండు పద్యములు యూ షిన్ అను కవివి. షియే లింగ్‌యున్ 433లో చనిపోయెను. యూ షిన్ 513లో పుట్టెను. చచ్చిన ఎనుబది యేండ్లకు పుట్టినవాని పద్యమును ఎవడు వ్రాయగలడు? కావున ఆ మాట పోయినది. పిమ్మట దుంగ్ చీచాంగ్ (1555–1636) అను మహాపరీక్షకుడు ఇది టాంగ్ కాలపు జాంగ్ షూ వ్రాతయని నిర్ణయించెను. చాలకాలము అదే నిలిచినది. ఇరువదవ శతాబ్దమున చీ గుంగ్ (1912–2005) అను పండితుడు వ్రాత అందమును విడిచి పద్యపాఠమును చదివెను. యూ షిన్ పద్యములో ఉత్తరపు ద్వారము నల్లని నీటికి ఎదురుగా నున్నదని యుండవలెను. చీనా సంప్రదాయములో ఉత్తర దిక్కునకు నలుపు, దక్షిణమునకు ఎఱుపు. కాని ఈ చుట్టలో ఉత్తరపు నీరు ఎఱ్ఱగా నున్నది! పండితుడైన లేఖకుడు ఇంత పొరపాటు ఏల చేసెను? 1012లో సాంగ్ చక్రవర్తి తన వంశమునకు ఒక దివ్యపురుషుడు మూలమని ప్రకటించి, ఆతని పేరులోని అక్షరమును ఎవరును వ్రాయరాదని శాసించెను. ఆ అక్షరమునకు అర్థము నలుపు. రాజాజ్ఞకు వెఱచిన చేయి నల్లని నీటిని ఎఱ్ఱగా మార్చినది. కావున ఆ చుట్ట 1012కు పూర్వపుది కాదని, ఎనిమిదవ శతాబ్దపు జాంగ్ షూది కానేరదని చీ గుంగ్ వాదము. జాంగ్ షూదే యని పట్టుబట్టిన పెద్దలును లేకపోలేదు; కాని ఆ ఎఱ్ఱనీటికి వారు చెప్పిన సమాధానము నాకు తృప్తి కలిగింపలేదు.

చూచితిరా! నకలు వ్రాయువాడు కుంచె వేగమును అనుకరించును, ముద్రను అనుకరించును, మసిని అనుకరించును. తనకు తెలియకయే తన కాలమునకు లోబడి చేసిన పనిని మాత్రము దాచలేడు. దానిని దాచవలెనని వానికి తోచనే తోచదు.

వస్త్రములును ఇట్లే మాటాడును. జాన్ జిచియెన్ అను సుయ్ వంశకాలపు, అనగా ఆఱవ శతాబ్దపు, చిత్రకారుని 'వసంతవిహారము' అను చిన్న చుట్ట కలదు. కొండలు, నీరు, గుఱ్ఱములపై విహరించు యువకులు. చుట్టమొదట సాంగ్ చక్రవర్తి హుయిత్సుంగ్ తన సన్నని బంగారుతీగవంటి దస్తూరితో కర్త పేరు వ్రాసెను. 1946 ప్రాంతమున ఇది విదేశములకు అమ్ముడుపోవునను భయముతో జాంగ్ బోజూ అను పెద్దమనిషి తన యిల్లు అమ్మి, 220 లియాంగుల బంగారమిచ్చి కొనెను. లియాంగు సుమారు మూడు తులముల యెత్తు. తరువాత దానిని దేశమునకు ఇచ్చివేసెను. 1978లో ఫూ షీనియెన్ అను పండితుడు ఆ చిత్రములోని మనుష్యుల తలగుడ్డలను, ఇండ్ల కప్పుల కొసలలోని అలంకారములను నిశితముగా చూచి, అవి సుయ్ కాలపు వాడుకలు కావని, చిత్రము పాతమూలమునకు ఉత్తర సాంగ్ కాలమున తీసిన నకలని వ్రాసెను. తలపాగా చుట్టు తీరునుబట్టి మనిషి ఏ సీమవాడో చెప్పగల మీకు ఈ తర్కమును నేను వివరింపనక్కఱలేదు. చక్రవర్తి స్వహస్తముతో వ్రాసిన పేరుకంటె పేరులేని గుఱ్ఱపురౌతు తలగుడ్డ బలవత్తరమైన ప్రమాణమైనది. ఇల్లు అమ్ముకొన్న ఆ దాత త్యాగము దీనివలన ఇసుమంతయు తగ్గలేదు. తొమ్మిదివందల యేండ్ల నకలును బంగారమే. పైగా పోయిన మూలమును చూచుటకు మిగిలిన కిటికీ అదొక్కటియే.

రాజు మాట పరీక్షలో ఎంత నిలుచునో చెప్పుటకు ఇంకొక కథ కావలెను. ఇది కొంచెము పెద్దది, ఓపికతో వినుడు. హువాంగ్ గుంగ్‌వాంగ్ (1269–1354) యువాన్ కాలపు చిత్రకారుడు. ముసలితనమున ఫూచున్ కొండలలో నివసించుచు 1347లో ఒక పొడవైన చుట్ట మొదలుపెట్టెను. మనసు పుట్టినప్పుడు నాలుగు గీతలు గీయుచు ఏండ్లు గడపెను. వూయుంగ్ అను తావో మతస్థుడైన మిత్రునికొఱకు దానిని వ్రాయుచుండెను. ఆ మిత్రుడు, ఎవడైన నేర్పుచేతనో దౌర్జన్యముచేతనో దీనిని కాజేయునేమో యని భయపడి, ముందుగానే నా పేర వ్రాసి యిమ్మని వేడగా, 1350లో చివర ఆ సంగతియే వ్రాసి యిచ్చెను. ఆ భయము వట్టిది కాలేదు. చేతులు మాఱి మాఱి అది వూ హుంగ్‌యూ అను ధనికుని చేరెను. 1650లో మరణశయ్యమీద నున్న ఆతడు, పరలోకమునకు తనతో వచ్చుటకై దానిని కాల్చుమని ఆజ్ఞాపించెను. అగ్నిలో వేసిరి. సోదరుని కుమారుడు చటుక్కున మఱియొక చుట్టను నిప్పులో వేసి దీనిని లాగెను. అప్పటికే కాలి రెండు తునకలైనది. 

దాదాపు నూఱేండ్లకు, 1745లో, చింగ్ చక్రవర్తి చియెన్‌లుంగ్ కొలువునకు ఒక ఫూచున్ కొండల చుట్ట చేరెను. చక్రవర్తి పరవశుడయ్యెను. మరుసటి యేట మఱియొకటి వచ్చెను. ఏది నిజము? ఏలినవారు మొదటిదే నిజమని, రెండవది నకలని తీర్పు చెప్పిరి. ఆ తీర్పును రెండవదానిమీద ఒక మంత్రిచేత వ్రాయించిరి కూడ. అటుపై సంవత్సరము తరువాత సంవత్సరము మొదటి చుట్టను విప్పి, ఖాళీ కనబడినచోటెల్ల పద్యమో వాక్యమో వ్రాసి ముద్ర వేసిరి. యాబదికి పైగా వ్రాతలు! కొండలమీది ఆకాశమంతయు రాజుగారి దస్తూరితో నిండిపోయినది. నిజమేమనగా మొదటిది నకలు. అగ్నిలోనుండి వచ్చినది రెండవది. ఆ తరువాతి పండితులు తప్పును సరిదిద్దిరి. జనుమునారలవలె తడియు పొడియు కలిసి జారు ఆ గీతలు, ఏండ్లకొలది తీరికలో వ్రాసిన ఆ వృద్ధుని చేతికి దక్క అనుకర్తకు రావు; అనుకర్త గీత ఎదుటి పటమును చూచుకొనుచు నడచును గనుక నిలిచి నిలిచి పోవును. రాజుగారి పొరపాటువలన ఒక మేలు జరిగినది. దొంగదని త్రోసివేసినందున నిజమైన చిత్రము ఆయన పద్యముల బారినుండి తప్పించుకొని శుభ్రముగా మిగిలినది. పెద్ద తునక నేడు తైపే నగరములోను, అరమీటరు మించిన చిన్న తునక హాంగ్‌జౌ నగరములోను ఉన్నవి. 2011లో కొన్నాళ్లపాటు రెండింటిని తైపేలో ప్రక్కప్రక్కన పెట్టి చూపిరి.

ఈ విద్యలో మన కాలపు గడుసువాడు జాంగ్ దాచియెన్ (1899–1983). 1940 తరువాత దున్‌హ్వాంగ్ గుహలలో సంవత్సరములుండి పాత కుడ్యచిత్రములను నకలు వ్రాసెను. 1950లో మన దేశమునకు వచ్చి అజంతా చూచెను. పూర్వులను ఇంతగా చదివిన చేయి మఱియొకటి లేదు. ఆ చేతితోనే వేయేండ్లనాటి చిత్రకారుల పేర పటములు సృష్టించెను. అమెరికాలో బోస్టన్ మ్యూజియము 1957లోను, లండనులో బ్రిటిష్ మ్యూజియము 1961లోను పదవ శతాబ్దపువని నమ్మి కొన్నవి అతని పనియే యని తరువాత తేలినది. ఎట్లు తేలినదందురా? ఆనాటివారి కన్నులకు అవి పదవ శతాబ్దపు కొండలవలె కనబడినవి. కొన్ని దశాబ్దములు గడచిన పిమ్మట వేఱువేఱు కర్తల పేరులుగల ఆ పటములను ఒకచోట చేర్చి చూచినవారికి, అవి పూర్వులను పోలుటకంటె ఒకదాని నొకటి ఎక్కువగా పోలినట్లు కనబడినది. అన్నదమ్ముల ముఖములు దాగవు గదా. ఆ తండ్రి జాంగ్ దాచియెన్.

జాంగ్ హెంగ్ (1915–1963) అను పరీక్షకుడు ఈ శాస్త్రమునకు ఒక క్రమ మేర్పఱచెను. కాలపు శైలి, కర్త శైలి, ఈ రెండు ముఖ్య ప్రమాణములు. ముద్రలు, చేవ్రాళ్లు, అభిప్రాయములు, అతుకుపని, ఇవన్నియు ఉపప్రమాణములు. మన న్యాయశాస్త్రము చదివినవారికి ఇది ఇంటిమాటవలె వినబడును. మన వాఙ్మయములోను 'జ్యోతిర్విదాభరణము' కాళిదాసకృతమని తన్ను తానే చెప్పుకొనును. ఆ మాటను పండితు లంగీకరింపలేదు. 'క్రీడాభిరామము' వల్లభరాయనిదా శ్రీనాథునిదా యని వాదించుకొన్నప్పుడు మనవారు చూచినదియు ముందు పేరును కాదు, పద్యపు నడకను.

1983 మొదలు 1990 వఱకు చీనా ప్రభుత్వము షియే జిలియు, చీ గుంగ్, షూ బాంగ్‌దా, యాంగ్ రెన్‌కాయ్, ఫూ షీనియెన్ మొదలగువారిని ఒక సంఘముగా కూర్చి దేశములోని మ్యూజియములకు పంపెను. ఎనిమిదేండ్లలో అఱువది వేలకు పైగా పటములను వారు విప్పి చూచిరి. ఆ పట్టికలో నాకు నచ్చిన విషయమొకటి కలదు. అందఱు ఏకీభవింపని చోట, ఫలానావారు నిజమనిరి, ఫలానావారు కాదనిరి అని భేదాభిప్రాయమును దాచక అచ్చువేసిరి.

చివరకు ఒక్క కొండను గూర్చి చెప్పి విరమించెదను. సాంగ్ కాలపు ఫాన్ క్వాన్ వ్రాసినదని పరంపరగా చెప్పబడుచున్న 'కొండవాగులలో బాటసారులు' అను నిలువుపటము రెండు మీటర్లకు పైగా ఎత్తు. పటమునందు మూడువంతులలో రెండు వంతులు ఒకే మహాపర్వతము. పాదమూలమున కంచరగాడిదల బిడారు ఒకటి, చీమల బారువలె. పైన దుంగ్ చీచాంగ్ కర్త పేరు వ్రాసెను గాని, అతడు ఆఱువందల యేండ్ల తరువాతివాడు. చిత్రములో చేవ్రాలు లేదనియే అందఱు అనుకొనుచుండిరి. 1958లో లీ లిన్‌త్సాన్ అను పండితుడు ఆ చిత్రమును గళ్లు గళ్లుగా భాగించుకొని ఒక్కొక్క గడిని శోధించెను. కుడివైపు క్రింద, బిడారు వెనుక, చెట్ల ఆకులలో ఆకులుగా కలిసిపోయి రెండక్షరములు కనబడినవి: ఫాన్ క్వాన్. అంతకు ముందు దానిని ఫాన్ క్వాన్‌దని చెప్పినవారందఱు ఆ కొండను చూచియే చెప్పిరి. ఆ పటము ఇప్పుడు తైపేలో నున్నది. పట్టు ముదిరినందున కొన్నియేండ్లకొకసారి, అదియును కొద్ది వారములు మాత్రమే, వెలుగులోనికి తెచ్చుదురు.